హిందూపురంలో నా నడకకు కలిగిన అంతరాయం గురించి

గుండెకు స్టెంటు వేయించుకున్న నేను ఇంటి నుంచి వ్యాయామ కేంద్రం దాకా ఎక్కడా ఆగకుండా నడిచివస్తేనే తిరిగి ఉద్యోగంలో చేరవచ్చునని ఫిజియోథెరపిస్టు మేడమ్ షరతు విధించారు. ఇంట్లో ఇక ఒక్క పూట కూడా కూర్చోలేని స్థితిలో ఈ ఉదయం బయలుదేరాను.

హిందూపురం ప్రజానీకం సహకరించలేదు. రొద్దం నుంచి వస్తున్న మా బావమరిది పక్కనే బండి నడుపుతూ, "ఏం బావా, గుండె జబ్బు పెట్టుకొని నడుస్తాండావే! మేమంతా లేమా? ఎక్కు" అన్నాడు. ఆగకుండానే నిరాకరించాను. ఆయన అలిగి వెళ్లిపోయాడు. ఇదే విధంగా సంత దగ్గర మరో ఇద్దరు మిత్రులు నాకు దూరమయ్యారు.

కేంద్రం గేటు కనిపిస్తుండగా వెనుక ఒక స్కూటర్ వచ్చి ఆగింది.

"యాడికన్నా, ఈ ఎండలో? ఎక్కండి, దింపుతా."

ఆడగొంతు కదా, మర్యాద కోసం ఆగి తిరిగి చూశాను. హెల్మెట్ తీసినది సాక్షాత్తూ మా మేడమే.

"అయ్యో, మీరా సార్! మరి ఆగినారే? రేపు మళ్లీ ఇంటికాడ్నించి మొదలుపెట్టండి."

కావున, నా మీద అభిమానం గలవారు రేపు ఉదయం ఆ దారిన రాకూడదని మనవి. గుండె జబ్బు మనిషిని నడవనిచ్చే వీధి మీ ఊళ్లో ఉంటే తెలియజేయగలరు.