షట్టరు మీద నోటీసు

ఆ బ్యాంకు ఆఫీసరుకి ఏ పనైనా ఫొటో తీస్తే పూర్తయినట్టే. సెల్ జేబులో వేసుకుంటూ "అయిపోయిందండి" అనేవాడు.

ధవళేశ్వరంలో తాకట్టులో ఉన్న మా బాబాయి కొట్టుకి ఓ రోజు పొద్దున్నే వచ్చాడు. ఇంకా తెరవని షట్టరు మీద వేలం నోటీసు అంటించి, ఫొటో తీసుకున్నాడు.

"షట్టరు ఎత్తేస్తే అది చుట్టుకుపోతుంది కదండీ! కనపడేచోట అంటించడం మీ బాధ్యత. మా పరువు పోతే పోయింది, గోడకి అంటించండి. నలుగురూ చూసి పాటకి వస్తేనే కదా మంచి ధర వచ్చేది!" అని మొత్తుకున్నాను.

"ఫొటోలో బాగానే కనపడుతోందండి," అన్నాడు.

వేలానికి ఒక్కడే వచ్చాడు. కొట్టు కారుచౌకగా పోయింది. ఆ రోజు బాబాయి పట్టపగలే షట్టరు దించేశాడు. వీధంతా నోటీసు చదివింది అప్పుడే.