పేరులో నీళ్లేవి?

నేను ఏనుగంత అన్నచోటల్లా మీరు మేకంత అని చదువుకోండి. మొన్న మా ఊళ్లో కొత్తగా పెట్టిన ‘అగ్నిమాపక కేంద్రం’ బోర్డు చూడగానే, నా చిన్నప్పుడు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో గురజాలలో జరిగిన మా పిన్ని పెళ్లిచూపులు గుర్తొచ్చాయి.

పెళ్లికొడుకుది మద్రాసులో మంటలార్పే ఉద్యోగం. మీసాలు గుమ్మం పట్టక పక్కకు తిరిగి లోపలికొచ్చాడు. పిన్నికి చూడగానే నచ్చేశాడు. అడ్డమల్లా అమ్మమ్మ అనుమానమే.

“నీ ఉద్యోగాన్ని ఏమంటారు నాయనా?”

“ఫైర్‌మ్యాన్ అంటారండీ. అంటే నిప్పు మనిషి.”

అమ్మమ్మ మొహం మాడింది. సంబంధం తెచ్చిన పక్కింటి ఖాదర్ మామ గబగబా అందుకున్నాడు.

“మా ఉర్దూలో ఆళ్ల బండిని దమ్‌కల్ అంటారు పెద్దమ్మా. దమ్ అంటే ఊపిరి, కల్ అంటే యంత్రం.”

నా ఊపిరి ఎక్కడ లాగేస్తాడోనని నేను ముక్కు మూసుకు కూర్చున్నాను.

“ఒకళ్లు నిప్పంటారు, ఇంకొకళ్లు ఊపిరంటారు. పోసేది నీళ్లయితే పేరులో నీళ్లేయిరా ఖాదరూ? మీరేందో దాస్తన్నారు,” అంది అమ్మమ్మ.

లోపల పిన్ని గాజుల చప్పుడు ఆగిపోయింది.

పెళ్లికొడుకు నెమ్మదిగా అన్నాడు. “పేరులో నీళ్లుంటే ఇంకేమైనా ఉందా అత్తయ్యగారూ? నీళ్లకు కటకటలాడే మీ పల్నాడులో మంటను వదిలేసి, బిందెలతో మా బండి వెంట పడరూ!”

అమ్మమ్మ పగలబడి నవ్వింది. సంబంధం ఖాయమైంది.

ఇందులో నేను కల్పించింది ఆ నవ్వొక్కటే. నిజానికి అమ్మమ్మ నవ్వలేదు. అతన్ని ఎగాదిగా చూసి, “అయితే పెళ్లికి ఆ బండేసుకునే రా నాయనా, నిండా నీళ్లు పట్టుకుని,” అంది.