బయట నిలబడ్డ చీపురు

బాన్సువాడలో మా వీధికి కాగితాల మీద ఒక పేరుంది. దాన్ని ఎవరూ వాడరు. బస్టాండ్ దగ్గర ఆటో ఎక్కి "పాత దుకాణాల లైను" అంటే చాలు, తెచ్చి దింపుతారు. దిగాక పాత దుకాణాలేవని మాత్రం అడగకూడదు. ఆటోవాళ్లు మర్యాదస్తులు, ఇబ్బంది పడతారు.

కాలువ నీళ్లు పొలాలకు పారినందువల్లే ఈ వీధి పుట్టిందని మా ఇంట్లో చెప్పేవారు. నీళ్లొచ్చాయి, వరి వచ్చింది, వరి అమ్ముకున్న రైతు జేబు బరువెక్కింది. ఆ బరువు కొంచెం దించుదామని మా తాత తరంవాళ్లు రోడ్డుకు రెండు పక్కలా దుకాణాలు తెరిచి కూర్చున్నారు. సేవాభావం అంతే, ఇంకేం లేదు. నస్రుల్లాబాద్ వైపు నుంచి, బిచ్కుంద వైపు నుంచి పొద్దున్నే వచ్చే బస్సులు మనుషుల్ని దింపేవి. తండాల నుంచి ఆడవాళ్లు గుంపుగా వచ్చి, గుంపుగా బేరమాడి, గుంపుగా అలిగి వెళ్లిపోయి, మలుపు దాకా పోయి మళ్లీ వచ్చేవారు. మహారాష్ట్ర వైపు వాళ్లు మరాఠీలో ధర అడిగితే మావాళ్లు తెలుగులో ఎక్కువ చెప్పేవారు. ఇద్దరికీ బాగానే అర్థమయ్యేది.

మా బాపుది, అంటే మా నాన్నది, తాళ్ల దుకాణం. పేరుకే తాళ్లు. ఎడ్ల పగ్గాలు, బకెట్లు, చాటలు, చీపుర్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లకు కత్తెరలు, దారపు ఉండలు, అన్నీ ఉండేవి. ఊళ్లలో ఎడ్లు పోయాక పగ్గాల గిరాకీ పడిపోయింది. ట్రాక్టరును గుంజకు కట్టేయాల్సిన అవసరం ఇప్పటిదాకా ఎవరికీ రాలేదు. మిగతావి మాత్రం నడిచేవి. ఆ నడక మీదే మా ఇల్లు నడిచేది, నా కాలేజీ చదువు కూడా.

వీధిలో అందరూ ఇంచుమించు ఒకే సరుకు అమ్మేవారు. అయినా కొట్టుకోలేదు. కారణం బోణీ.

బోణీ అన్ని ఊళ్లలోనూ ఉంటుంది. మా వీధిలో అది ఒక్కడి వ్యవహారం కాదు. పొద్దున దుకాణం తెరిచి, ముందు ఊడ్చి, చీపురును బయట తలుపు పక్కన నిలబెట్టేవారు. మొదటి బేరం కాగానే ఆ డబ్బు కళ్లకద్దుకుని చీపురును లోపలికి తీసుకుపోయేవారు. కాబట్టి చీపురు బయట ఉందంటే ఆ దుకాణానికి ఇంకా బోణీ కాలేదని వీధికంతా తెలిసేది. తనకు బోణీ అయినవాడు, ఎదుటివాడి చీపురు బయట కనిపిస్తే, వచ్చిన గిరాకీకి "లేదు" అని చెప్పి అక్కడికి పంపాలి. సరుకు నెత్తి మీద వేలాడుతున్నా సరే, లేదు అనే అనాలి. పది గంటలయ్యేసరికి చీపుర్లన్నీ లోపలికి పోయేవి. ఆ తర్వాత ఎవరి అదృష్టం వారిది.

బాపుకు ఈ "లేదు" మూడు భాషల్లో వచ్చు. లేదు, నై, నాహీ. మూడూ ఒకే ముఖంతో చెప్పేవాడు.

కొన్నేళ్ల కింద మా ఎదురుగా ఉన్న స్టీలు సామాన్ల దుకాణం, దాని పక్కవి కలిపి కిరాయికి తీసుకుని ఒకాయన పెద్ద దుకాణం పెట్టాడు. బయటి ఊరి మనిషి. అద్దాల తలుపు, లోపల చల్లగాలి, పైన వెలిగి ఆరే బోర్డు. సూది నుంచి సైకిల్ దాకా అన్నీ ఉంటాయి. పది దాటాక తీరిగ్గా తెరిచేవాడు. అతని పనిమనిషి ముందంతా ఊడ్చి, చీపురును తలుపు పక్కన నిలబెట్టి వెళ్లిపోయేది. అది సాయంత్రం దాకా అక్కడే ఉండేది.

మా వీధి ఆ చీపురును చూసి జాలిపడింది.

"పాపం, కొత్తాయనకు ఇంక బోణీ కాలే" అని గాజుల దుకాణం ఆయన, బాపుకు బావ వరస, గిరాకీని పంపాడు. మా బాపు పంపాడు. అందరూ పంపారు. పొద్దుగూకే దాకా పంపారు. కొత్తాయన దుకాణంలో ఫోన్‌తో డబ్బు కడితే వచ్చిందని గట్టిగా అరిచే డబ్బా ఒకటి ఉంది. అది గంటల తరబడి అరుస్తూనే ఉండేది. ఒకరోజు నేను బాపుతో అన్నాను, "ఆ డబ్బా ఇందాకటి నుంచి బోణీ అయిందనే చెప్తుంది బాపూ."

"డబ్బా మాట ఎవడు నమ్ముతడు రా. చీపురు బయటున్నది గద" అన్నాడు.

నేను డిగ్రీలో కామర్స్ చదివాను. ఉన్న సరుకును లేదని చెప్పి, పోటీదారుడి దుకాణానికి దారి చూపించే పద్ధతి మాకు పాఠంగా రాలేదు. బహుశా పీజీలో ఉంటుందేమో.

కొన్నాళ్లకు బాపుకే పాపం అనిపించింది. కొత్తవాడు, మన రివాజు తెలియదు, చెప్పేవాళ్లు లేరు అనుకుని, కండువా సర్దుకుని రోడ్డు దాటాడు. నేనూ వెంట వెళ్లాను. అద్దాల తలుపును ఎటు తోయాలో బాపుకు తెలియలేదు. లోపలి నుంచి కొత్తాయనే వచ్చి తెరిచాడు.

"రా కాకా, చాయ్ తాగుతవా?"

"చాయ్ వద్దు తమ్మీ. ఒక్క మాట చెప్పిపోదమని వచ్చిన. బోణీ అయినంక గా చీపురు లోపల పెట్టాలె. అది బయటుంటే నీకు బేరం కాలేదనుకోని మేమంత గిరాకీల నీ దిక్కు పంపుతున్నం."

కొత్తాయన చాలా శ్రద్ధగా విన్నాడు. నా ప్రొఫెసర్లకు నేను ఇవ్వని శ్రద్ధ అది. "అచ్ఛా!" అన్నాడు. "గట్లనా కాకా? రోజంత పంపుతరా?"

"చీపురు లోపలికి పోయేదాక పంపుతం."

"మంచి రివాజే కాకా. మంచిగ చెప్పినవ్" అన్నాడు. బాపు చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. వచ్చినందుకు మర్యాదగా మా దుకాణం నుంచి మూరెడు తాడు కూడా కొనుక్కుంటానన్నాడు. బాపు సంతోషంగా మా దుకాణానికి తిరిగొచ్చి కోసి ఇచ్చాడు.

మర్నాడు పొద్దున ఆ తాడు ఎందుకో తెలిసింది. గాలికి పడిపోకుండా చీపురును తలుపు పక్కన మేకుకు కట్టేశాడు. గట్టిగా, మంచి ముడి వేసి, ఇక రాత్రిపూట కూడా విప్పకుండా.

బాపు దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత ఒక పెద్దమనిషి బకెట్ కావాలని వచ్చాడు. బాపుకు అప్పటికే బోణీ అయింది. బకెట్లు ఒకదాంట్లో ఒకటి దూరి ఆయన మోకాళ్ల దాకా నిలబడి ఉన్నాయి.

"లేదే" అన్నాడు బాపు. "ఎదురుంగ అడుగు."

వీధిలో మిగతావాళ్లు తెలివైనవాళ్లు. ఒక్కొక్కరే ఆ వైపు చూడటం మానేశారు. కొందరు తమ చీపుర్లనే వెనక గదికి మార్చి, పద్ధతి మొత్తానికే సెలవిచ్చారు. గాజుల బావ ఒక మధ్యాహ్నం మా దుకాణం ముందు గట్టు మీద కూర్చుని బాపుకు నచ్చజెప్పబోయాడు.

"బావా, నువ్వు గా చీపురు చూడకు. జర మెడ ఇటు తిప్పుకో. కనిపియ్యకుంటే పాపం లేదు."

"నా కుర్చీ గిటే ఉంటది కద బావా."

"కుర్చీ తిప్పు."

"తిప్పితే గోడ కనిపిస్తది. గోడను చూసుకుంట యాపారం ఎట్ల చేస్త?"

"ఇప్పుడేం చేస్తున్నవో గది చెప్పు ముందు!"

బాపు నవ్వాడు. బావ నవ్వలేదు. "వాడు కావాల్నని కట్టిండు. నీకు తెలుసు" అన్నాడు.

"వాడు కట్టింది వాని లెక్క. నేను చూసింది నా లెక్క. బయటున్న చీపురును లోపలున్నదని నేనెట్ల అనుకోవాలె?"

బావ లేచి కండువా దులుపుకున్నాడు. "నీ అసొంటోన్ని పది మందిని పెట్టుకుంటే వాడు హైదరాబాద్‌ల దుకాణం పెడ్తడు" అని వెళ్లిపోయాడు.

ఆ మాటలో అతిశయోక్తి లేదు. మా దుకాణం రోజుకు ఒక బోణీ మీద బతకడం మొదలైంది. పొద్దున మొదటి బస్సు దిగినవాళ్లలో ఒకరు ఏదో కొనేవారు. బాపు కళ్లకద్దుకుని చీపురు లోపల పెట్టేవాడు. ఇక ఆ రోజుకు మా వ్యాపారం అయిపోయినట్టే. తర్వాత ఎవరొచ్చినా బాపు ఎదురుగా చెయ్యి చూపించేవాడు. ఆ దుకాణానికి జీతం లేని దారిచూపే బోర్డుగా ఆయన బాగా పనిచేశాడు. వెలిగి ఆరడం ఒక్కటే తక్కువ.

బీడీలు చుట్టే ఒక అక్క ఉండేది, ఏళ్లుగా మా దగ్గరే కత్తెరలు, దారం కొనేది. ఒకరోజు వచ్చి కత్తెర అడిగింది. బాపు లేదన్నాడు. ఆమె తల ఎత్తి పైకి చూసింది.

"మరి నీ నెత్తి మీద ఏలాడుతున్నయ్ ఏందన్నా? గబ్బిలాలా?"

"అవి... అమ్మేటియి కావక్కా."

"అమ్మనోనివి దుకాణం ఎందుకు పెట్టినవే! పోయినసారి దారం అడిగితే లేదన్నవ్. గంతకు ముందు చాట అడిగితే లేదన్నవ్. నీ దుకాణంల లేదు అనుడు తప్ప ఇంకోటి దొరుకదా?"

బాపు ఎదురుగా చెయ్యి చూపించాడు. ఆమె ఎదుటి దుకాణంలోకి వెళ్లింది. మళ్లీ మా గట్టు ఎక్కలేదు. ఆమె కోపంగా వెళ్లి ఉంటే బాగుండేది. కోపం తగ్గాక వస్తారు. ఆమె నమ్మి వెళ్లింది. మా దుకాణంలో ఏమీ దొరకదని నమ్మింది. ఆ నమ్మకం కొద్ది రోజుల్లో ఊళ్లకూ తండాలకూ పాకింది. అబద్ధాన్ని ఇంత నిజాయితీగా, ఇన్నేళ్లు, మూడు భాషల్లో చెప్తే జనం నమ్మకుండా ఎలా ఉంటారు?

ఇంట్లో అమ్మ ఫికర్ వేరే. "దుకాణం పోతే పోయింది. గీయన ఇంట్ల కూసుంటే ఎట్ల? పొద్దున లేస్తే గా దుకాణమే ఈయనకు పానం. గది లేకుంటే మంచం పడ్తడు" అని నాతో అనేది. బాపు వినపడేలాగే అనేది. బాపు పళ్లెంలో అన్నం కలుపుకుంటూ ఉండేవాడు. ఆయనకు షుగర్ లేదు, బీపీ లేదు, దవాఖాన ముఖం చూడలేదు. ఆయనకున్నది ఆ దుకాణం ఒక్కటే. అది పోకూడదని ఇంట్లో అందరికీ ఉంది. ఎట్లా పోకుండా చూడాలో కూడా అందరికీ తెలుసు. "ఉంది" అంటే చాలు. ఆ ఒక్క మాట ఆయన నోటి నుంచి రాలేదు.

పోయిన వానాకాలం నుంచి పొద్దుటి బోణీ కూడా ఆగిపోయింది. బస్సు దిగినవాళ్లు నేరుగా చాయ్ హోటల్‌లో కూర్చుని, అద్దాల తలుపు తెరిచేదాకా ఆగడం నేర్చుకున్నారు. మా చీపురు రోజంతా బయటే నిలబడేది. లెక్క ప్రకారం ఇప్పుడు బాపు ఎవరొచ్చినా అమ్ముకోవచ్చు, ఎదుటి చీపురుతో పని లేదు. ఆయన చేతులకున్న కట్లన్నీ ఊడిపోయాయి. గిరాకీయే రాలేదు. ఎదుటివాళ్లు ఎవరైనా మా చీపురును చూసి ఒక్క మనిషిని పంపుతారేమో అని బాపు వీధి రెండు చివరలకూ చూసేవాడు. గాజుల బావ అప్పటికే దుకాణాన్ని సెల్‌ఫోన్ల వాళ్లకు ఇచ్చేశాడు. సెల్‌ఫోన్ల పిల్లలకు చీపురంటే ఊడ్చేదని మాత్రమే తెలుసు. నేనే ఒక బకెట్ కొంటానన్నాను.

"ఇంటోళ్లు కొంటే బోణీ కాదు" అన్నాడు.

చివరికి కొత్తాయనే రోడ్డు దాటి వచ్చాడు. సరుకు పెట్టుకోవడానికి గోదాము కావాలట.

"కాకా, ఉత్తగ కూసునే బదులు నాకు కిరాయికి ఇయ్యి. సరుకు గూడ నేనే తీసుకుంట. నువ్వు గింత మంచిగ చూసుకున్నవ్ నన్ను, నేను నీకు అన్యాలం చేస్తనా?"

ఆ మాట అతను నవ్వుతూ అనలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

బాపు తాళంచెవి తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. కొత్తాయన పనివాళ్లు వచ్చి చాటలు, బకెట్లు, తాళ్ల చుట్టలు బయటికి తెచ్చి గట్టు మీద కుప్ప పోశారు. కొత్తాయన జేబులోంచి అడ్వాన్సు తీసి బాపు చేతిలో పెట్టాడు.

బాపు దాన్ని కళ్లకద్దుకున్నాడు. తర్వాత నెమ్మదిగా వంగి, తలుపు పక్కనున్న చీపురును తీసుకుని లోపల మూలకు పెట్టాడు. బోణీ అయింది.

అదే సమయానికి తండా నుంచి ఒక ముసలవ్వ వచ్చింది. గట్టు మీది తాళ్ల కుప్ప చూసి ముఖం విప్పారింది. ఇన్నాళ్లకు ఈ దుకాణంలో సరుకు కనిపించింది కదా. "మేకకు కట్టెతందుకు ఒక తాడియ్యి కొడుకా" అంది.

బాపు ఎదురుగా చూశాడు. అక్కడ మేకుకు మా తాడుతోనే కట్టిన చీపురు, ఇంకా బయటే ఉంది.

"లేదవ్వా" అన్నాడు. "ఎదురుంగ అడుగు."

అవ్వ కుప్పను చూసింది, బాపును చూసింది. తాళంచెవి జేబులో వేసుకుంటూ కొత్తాయన కలగజేసుకున్నాడు.

"ఎందుకు లేదవ్వా, మస్తున్నయ్. దా, నేనిస్త."