మూడోసారికి బ్లాక్

ఈ మావయ్యగారికి లోకంలో ఒకటే చట్టం: ఎవరికైనా రెండు తప్పుల వరకే మాఫీ. మూడోది పడిందా, బ్లాక్!

నీళ్ల సరఫరా ఆఫీసులో సర్వర్ ఆయన చేతిలో ఉంది. ఊళ్లో పంపులన్నీ దానిమీదే నడుస్తాయి. దూరం నుంచి లాగిన్ అయ్యే దారి ఒకటుంది కాబట్టి, ముక్కూమొహం తెలియని యంత్రాలు పొద్దస్తమానం పాస్‌వర్డులు మార్చి మార్చి కొట్టి చూస్తుంటాయి. మూడు తప్పులు కాగానే మావయ్య పెట్టిన ఫైర్‌వాల్ అనే కాపలా ప్రోగ్రాం ఆ యంత్రం అడ్రసును శాశ్వతంగా బయటికి గెంటేస్తుంది. అంతటితో ఊరుకుంటే ఆయన మావయ్య ఎందుకవుతాడు? చొక్కా చేతులు మూడుసార్లు పొట్టి చేసిన దర్జీ బ్లాక్. రాంగ్ నంబరని మూడుసార్లు చెప్పించుకున్న పెద్దమనిషి బ్లాక్. చివరికి అత్తయ్య కూడా విసిగిపోయి, "కళ్లజోడెక్కడ అని మూడుసార్లు అడిగారు. ఇవాళ వంటింట్లోకి మీకు ప్రవేశం లేదు," అంది.

అదే ఆఫీసులో పక్క కుర్చీలో పనిచేసే మేనకోడలికి ఒక్కటి మాత్రం అంతుపట్టేది కాదు. రోజూ సరిగ్గా పదింటికి ఒకే అడ్రసు నుంచి మూడు తప్పులు పడేవి. "వచ్చాడు దొంగ!" అంటూ మావయ్య ఫోను పట్టుకుని వరండాలోకి ఉరికేవాడు.

"ఎవరండీ మా తలుపు బాదేది? సిగ్గులేదూ? ఇంతకీ బీపీ మాత్ర వేసుకున్నారా?"

"దొంగకు బీపీ మాత్రలేమిటి మావయ్యా? పైగా అందరికీ శాశ్వతంగా బ్లాకు, ఈయనకు మాత్రం రేపటిదాకానేనా?"

"ఇది రెండో ప్రశ్న. జాగ్రత్త!"

ఒకరోజు పదయింది. పదింబావయింది. దొంగ రాలేదు. మావయ్య కూర్చున్నాడు, లేచాడు, తన కంప్యూటర్ వైరు పీకి మళ్లీ పెట్టాడు.

"నెట్ పనిచేస్తోందా?"

"భేషుగ్గా. పొద్దుట్నుంచి తొమ్మిది వందలమంది దొంగలు వచ్చిపోయారు."

"వాళ్లెవరిక్కావాలే! ఆయన ఫోనెత్తడం లేదు!"

అని ఒక్క పరుగు తీశాడు. మేనకోడలు వెంటపడింది. మూడు వీధుల అవతల ఒక ఇంటి తలుపు దబదబా బాదడం మొదలుపెట్టాడు.

"మూడుసార్లయింది మావయ్యా, రూలు..."

"రూలూ లేదు గీలూ లేదు, నోర్ముయ్!"

ఆ చప్పుడుకి పక్కింటావిడ తాళంచెవితో పరుగెత్తుకొచ్చింది. స్నానాలగదిలో జారిపడి, కాలు విరిగి, లేవలేక పడి ఉన్నాడొక పెద్దాయన. ఆ సర్వర్‌ను మొదట పెట్టిందీ, మావయ్యకు పని నేర్పిందీ ఆయనే. రిటైరయ్యాక ఒంటరిగా ఉంటున్నాడు. మావయ్యను చూడగానే, "ఇరవై నిమిషాలు ఆలస్యం," అన్నాడు. మావయ్య వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేశాడు.

ఆసుపత్రిలో కాలికి కట్టు వేశాక మేనకోడలు ఆగలేకపోయింది. "తాతగారూ, రోజూ పాస్‌వర్డ్ మర్చిపోతారా?"

"నేను రిటైరైన రోజే నా ఖాతా తీసేశాడమ్మా వీడు. నాకు పాస్‌వర్డే లేదు. కానీ తలుపు కొట్టకపోతే వీడు ఫోన్ చేస్తాడా?"

మావయ్య ముక్కు చీదుకుని, ముఖం గంటు పెట్టుకున్నాడు. "రేపు ల్యాప్‌టాప్ ఇక్కడికే తెచ్చిస్తా. పదింటికల్లా కొట్టండి. కానీ మూడుసార్లే!"

"ఇందాక నువ్వు పదమూడుసార్లు బాదావురా," అన్నాడు పెద్దాయన. "లోపల పడి లెక్కపెట్టాను."