చెవి మిషను కడిగిన రోజు

ట్రంకు పెట్టె మూత ఎత్తగానే కలరా ఉండల వాసన వచ్చింది. దాని అడుగు నుంచి ఇంకొకటి, ఇనప రజనూ యంత్రాల నూనే కలిసిన మా అయ్య ఖాకీ చొక్కా వాసన. ఆ చొక్కాలో చుట్టి ఉంది ఆయన చెవి మిషను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, జేబులో పెట్టుకుంటే తీగ చెవి దాకా వచ్చేది. ట్రాఫిక్ అనే మా పేటలో, వీధి మొదట ఉన్న కళ్లజోళ్ల దుకాణం ముందు ఈమధ్య ఒక అట్టపెట్టె పెట్టారు. వాడి వదిలేసిన కళ్లజోళ్లూ చెవి మిషన్లూ అందులో వేస్తే, బాగుచేసి పై దేశాల్లో కొనుక్కోలేని వాళ్లకు పంపుతారట. యాభై దాటాక నేను అక్షరాలు దిద్దుకున్నప్పటి కళ్లజోడుతో ఇప్పుడు చూపు ఆనడం లేదు. దాన్ని ఇద్దామని వెతుకుతుంటే ఇది చేతికి తగిలింది.

అప్పట్లో మేము ఈ ఊళ్లోనే నిమ్‌పురాలో, రైలు యార్డును ఆనుకున్న క్వార్టర్ల వరసలో ఉండేవాళ్లం. అయ్య శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలోనే వచ్చి రైల్వే కార్ఖానాలో రివెట్లు కొట్టే పనిలో చేరాడు. ఏళ్ల తరబడి సుత్తి దెబ్బలు ఆయన కుడి చెవిని పూర్తిగా, ఎడమ చెవిని ముప్పాతిక తినేశాయి. అందుకని ఆయన చెవి నేనయ్యాను. తెల్లవారుజామున సైరన్ మోగితే భుజం తట్టి లేపడం దగ్గర్నుంచి, చేపలమ్మే దీదీ బెంగాలీలో చెప్పిన బేరం, రేషను దుకాణంలో పిలిచిన పేరు, అరుగు మీద చేరినవాళ్లు వేసుకునే హాస్యాలు, అన్నీ ఎడమ పక్కన నిలబడి గట్టిగా అరిచి చెప్పేదాన్ని. తమ్ముడు బడికి పోయేవాడు. నేను అయ్యతో పోయేదాన్ని.

నా తొమ్మిదో ఏట రైల్వే ఆసుపత్రిలో ఆ మిషను ఇచ్చారు. మొదటి సాయంత్రం అయ్య వాకిట్లో కూర్చుని, లోపల తిరగమోత చిటపటమంటే ఉలిక్కిపడి, అమ్మ నవ్వితే తనూ నవ్వి, నన్ను పిలిచాడు.

"ఇంక నువ్వు అరవక్కర్నేదే. పూజ సెలవులెల్లగానే నిన్ను బడిలో ఏసేత్తాను."

"అరిసీ అరిసీ దాని గొంతు ఇంజను కూతైపోనాది. పంతులు దడుసుకుంటాడు" అంది అమ్మ.

దసరాకి ముందే వచ్చే విశ్వకర్మ పూజే మా కార్ఖానా ఇళ్లకు ఆయుధ పూజ. వానలు వెనకబట్టి ఆకాశం తేటపడేది, గట్ల మీద రెల్లు పూసేది, గాలిపటాలు తెగి పట్టాల మీద పడేవి. ఆ ఒక్కరోజూ పిల్లల్ని కార్ఖానా లోపలికి రానిచ్చేవారు. బంతిపూల దండలు వేసుకుని కదలకుండా నిలబడ్డ యంత్రాల మధ్య తిరిగి, విస్తరాకుల్లో వేడి ఖిచిడీ, గుమ్మడికాయ కూర, బూందీ తిని, ఒళ్లంతా సాంబ్రాణి వాసనతో ఇల్లు చేరేవాళ్లం. అంతకుముందే ఇంట్లో పనిముట్లు కడిగి పసుపూ కుంకుమా పెట్టాలి, అది నా వంతు. ఆవేళ ఏ పనిముట్టునీ వాడకూడదు గనుక అయ్య తన చెవి మిషను కూడా తీసి సుత్తి పక్కన పెట్టి స్నానానికి వెళ్లాడు. నేను సుత్తిని కడిగినట్టే దాన్నీ పసుపు నీళ్లలో ముంచాను. నన్ను బడికి పంపబోయేది అదే కదా, మిగతావాటికంటే మెరవాలని ఇంకోసారి ముంచి, తుడిచి, బొట్టు పెట్టాను.

మర్నాడు అది పలకలేదు. అయ్య మీట తిప్పాడు, తట్టాడు, బ్యాటరీ మార్చాడు. చివరికి తీగ చుట్టేస్తూ అన్నాడు.

"మిషినీదేటి తప్పు? నా సెవులే ఇంక దేనికీ పనికిరావు."

ఇంకొకటి అడగమని అమ్మ అంది. ఆ మాట కూడా నేనే ఆయన చెవిలో వేయాలి, వేశాను. "ఒద్దే, దండగ" అన్నాడు. దాన్ని నీళ్లలో ముంచానని మొదట దెబ్బలకు భయపడి చెప్పలేదు, తర్వాత ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటాడని చెప్పలేదు. ఊళ్లోవాళ్ల మాటలన్నీ ఆయనకు చేరవేసినదాన్ని, నా మాట ఒక్కటీ దాచుకున్నాను. బడి ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తన చెవులు పూర్తిగా చచ్చాయన్న నమ్మకంతోనే అయ్య పోయాడు.

నిన్న సాయంత్రం రెండూ సంచీలో వేసుకుని దుకాణానికి వెళ్లాను. నిమ్‌పురాలో మా క్వార్టర్ల వరస ఇప్పుడు లేదు, అక్కడ తుప్పలు లేచాయి. తెగిన గాలిపటాల కోసం పట్టాల మీదికి పరుగెత్తే పిల్లలూ లేరు. దుకాణంలో పనిచేసే తెలుగమ్మాయి కళ్లజోడు పెట్టెలో వేసి, మిషను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది పనిసేత్తాదా మామ్మా?"

"నేదమ్మా."

"పరవానేదు, లోపలి ముక్కలు పనికొత్తాయట. ఎలా పాడైనాదో ఈ సీటీ మీద రాయాలి. నాను రాసీనా?"

చీటీ నేనే తీసుకున్నాను. కొత్త కళ్లజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, పసుపు నీళ్లలో ముంచి కడగడం వల్ల, అని రాశాను. అమ్మాయి చదివి పకపకా నవ్వింది.

"అయ్యబాబోయ్, మిషనుకి తానమా! ఎవులు సేయించినారు మామ్మా?"

"నానే" అన్నాను.

అయ్య ఎడమ చెవిలో చెప్పేటంత గట్టిగా వచ్చిందా మాట. అమ్మాయి నవ్వు ఆపేసింది. రోడ్డు మీద పోతున్నవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.