నూనె రాయని వీపులు

అరకు స్టేషనులో విశాఖపట్నం బండి కోసం నిలబడిన ఆడవాళ్ళ వీపులను కనక ఒక్కొక్కటిగా అరచేత్తో తడిమి చూస్తుంది. తడిమి, ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. వలిసె గింజల నూనె వాసన తగిలిందా, ఆ మనిషి ప్లాట్‌ఫారం మీది కుళాయి దగ్గరకు వెళ్ళి సబ్బుతో కడుక్కుని రావలసిందే. బండి వచ్చే వేళైందని బతిమాలినా వినదు.

"ఒక్క సుక్కే రాసుకున్నాను పెద్దమ్మా," అంటుంది ఎవరో ఒక పిల్ల.

"ఆ సుక్కని ఆ కుళాయికి సెప్పు. నాకెందుకు?"

ఏటా మార్చి నెలలో విశాఖపట్నం సముద్రపు ఒడ్డున ఒక సంఘం వాళ్ళు వసంతోత్సవం జరుపుతారు. డుంబ్రిగుడ దగ్గరి ఒక చిన్న ఊరి నుంచి పద్నాలుగు మంది ఆడవాళ్ళు, నలుగురు వాద్యగాళ్ళు వెళ్ళి అక్కడ థింసా ఆడి వస్తారు. కనక వాళ్ళను తీసుకుని వెళ్తుంది గాని తాను ఆడదు. ఆమె భుజాన ఒక గోనె వేలాడుతుంటుంది. అందులో ఒకదానిలో ఒకటి దూర్చిన పద్నాలుగు గిడుగులు. అడ్డాకులను వెదురు పుల్లలతో కుట్టి చేసిన టోపీలు అవి. తల మీద పెట్టుకుంటే భుజాల దాకా నీడ పడుతుంది.

రెండువేల ఆరులో మాధవి అనే పిల్ల మొదటిసారి బయలుదేరింది. ఇంటర్ చదువుతోంది. కనక చెయ్యి తన వీపు దగ్గరకు రాకముందే సంచిలోంచి ఒక ట్యూబు తీసి చూపించింది.

"ఇది క్రీము పెద్దమ్మా. ఎండకి రాసుకునేది. టీవీలో సూపిత్తారు."

కనక మూత తీసి వాసన చూసింది. వేలికి కొంచెం అంటించుకుని బొటనవేలితో రుద్దింది. "నూనె కాదు కదా?"

"కాదు."

"అయితే రాసుకో. గిడుగూ ఎట్టుకో."

"రెండూ ఎందుకు పెద్దమ్మా? పట్నపోళ్ళు నవ్వుతారు."

"క్రీము సెవటకి పోద్ది. గిడుగు పోదు. నవ్వినోళ్ళు నీ వీపు మంట మోత్తారేటి?"

ఆ చివరి మాట అంటున్నప్పుడు కనక మాధవి వైపు చూడలేదు. కొంచెం దూరంలో బెంచీ మీద కూర్చుని కొడుక్కి పనసకాయ చిప్స్ తినిపిస్తున్న గంగ వైపు చూసింది. గంగ తలెత్తి, నవ్వి, మళ్ళీ తలదించుకుంది.

కనక ఏ సంవత్సరంలో పుట్టిందో రాసిన కాగితం లేదు. తల్లి చెప్పిన లెక్క ప్రకారం, ఊరి పక్కనుంచి రైలు పట్టాలు వేస్తున్న రోజుల్లో పుట్టింది. చోడి, సామ పండే చిన్న మెట్ట నేల చెక్క, కొండ వాలున కాస్త కాఫీ, ఇంటి వెనక నాలుగు పనస చెట్లు. పదహారేళ్ళకు డప్పు వాయించే సోంబరును చేసుకుంది. గిడుగు కుట్టడం తల్లి దగ్గర నేర్చింది. వర్షాకాలం నాట్లకు ముందు సంతలో గిడుగులు అమ్మేది. ప్లాస్టిక్ గుడ్డలు, గొడుగులు వచ్చాక కొనేవాళ్ళు తగ్గారు గాని ఆమె చేతికి మాత్రం ఆ పని పోలేదు. ఖాళీగా కూర్చుంటే ఆమె వేళ్ళు ఆకు కోసం వెతుక్కుంటాయి.

అయితే ఊళ్ళో కనకకు పేరు తెచ్చింది గిడుగు కాదు, థింసా. ఆ ఆటలో ఆడవాళ్ళు ఒకరి వీపు మీదుగా ఒకరు చేతులు చాచి, పక్కమనిషిని దాటి ఆపైమనిషి చెయ్యి పట్టుకుంటారు. అందరి వీపుల మీదా చేతులు జడలా అల్లుకుంటాయి. అలా వరుస కట్టి పాములా మెలికలు తిరుగుతారు. ఆ వరుసకు మొదట నిలబడే మనిషి చేతిలో నెమలి ఈకల కట్ట ఉంటుంది. ఎటు తిరగాలో, ఎప్పుడు వంగాలో ఆమె చెప్పినట్టే మిగతా వరుస. పదిహేనేళ్ళపాటు ఆ ఈకలు కనక చేతిలోనే ఉన్నాయి. పెళ్ళికైనా, చైత్రం పండగకైనా ఆమె నిలబడితేనే సోంబరు డప్పు మీద మొదటి దెబ్బ పడేది.

తొంభై ఆరులో పట్నం నుంచి సాయినాథ్ అనే కుర్ర లెక్చరరు ఊరికి వచ్చాడు. వసంతోత్సవం జరిపే సంఘంలో అతనొకడు. పద్నాలుగు మంది కావాలన్నాడు. పాత పద్ధతిలో రవికలు లేకుండా, చీర భుజం మీద ముడివేసి రావాలన్నాడు. ఊళ్ళో లెక్క పెడితే పదముగ్గురే తేలారు.

పద్నాలుగో మనిషి కోసం కనక అచ్చియమ్మ ఇంటికి వెళ్ళింది. అచ్చియమ్మ కూతురు గంగకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఆశ్రమ పాఠశాల హాస్టల్లో పెరిగిన పిల్ల. మడిలో దిగింది తక్కువ, పుస్తకం పట్టింది ఎక్కువ. ఆట మాత్రం చూసి నేర్చుకుంది, బాగా ఆడేది.

"పట్నం అంత దూరం నా గుంటని నానెప్పుడూ పంపలేదు," అంది అచ్చియమ్మ.

"నా కూడానే ఉంటాది కాదేటి అక్కా. ఎలా తీసుకెళ్తానో అలాగే తెచ్చి నీకు ఒప్పసెప్తాను. ఒంటి మీద గీత పడితే నన్నడుగు."

"అడుగుతాను," అంది అచ్చియమ్మ. నవ్వలేదు.

బయలుదేరే ముందు సోంబరు గిడుగులు తీసుకెళ్దామా అని అడిగాడు. కనకే వద్దంది. ఆకు టోపీలు పెట్టుకుని పట్నంలో దిగితే మడిలోంచి లేచి వచ్చారంటారని సిగ్గుపడింది. నూనె సీసా మాత్రం మరిచిపోలేదు. కొండల్లో చలికి ఒళ్ళు పగలకుండా వలిసె నూనె రాసుకోవడం అలవాటు. ఆటకు ముందైతే వీపులు నిగనిగలాడాలని ఇంకాస్త రాసుకుంటారు.

మొదటి రోజు పొద్దున్న తొమ్మిదింటికి సాయినాథ్ వాళ్ళను సముద్రపు ఒడ్డుకు తీసుకొచ్చాడు. ఆట మర్నాడు సాయంత్రం; ఆరోజు ఊరికే ఒకసారి ఆడి చూడటానికి. కాని వేదిక ఇంకా సిద్ధం కాలేదు. "ఒక్క గంట ఆగండి," అని అతను వడ్రంగులను వెతుక్కుంటూ వెళ్ళాడు.

పద్నాలుగు మందిలో పన్నెండు మందికి సముద్రం చూడటం అదే మొదలు. కాసేపు అలల్లో ఆడారు. తడిసి, గాలికి ఒణుకుతూ వచ్చి, కొండల్లో చలికాలం పొద్దున్నే ఏం చేస్తారో అదే చేశారు. ఇసుకలో వరుసగా కూర్చుని ఎండకు వీపులు పెట్టారు. కనక సీసా తీసి గంగ వీపుకు తానే దట్టంగా నూనె పట్టించింది.

"సల్లగా ఉంది పిన్నీ," అంది గంగ.

నిజంగానే చల్లగా ఉంది. సముద్రపు గాలి ఒంటి వేడిని ఎప్పటికప్పుడు తుడిచేస్తోంది. కాఫీ తోటల నీడలో పనిచేసే వాళ్ళకు, చుట్టూ చెట్టన్నది లేని చోట ఎండ ఎంతసేపట్లో ఏం చేస్తుందో తెలియదు. గంట మూడు గంటలైంది. కొందరు అలాగే కునికారు.

నెత్తిన చేపల తట్టతో పోతున్న ఒక ముసలామె వాళ్ళ వెనక ఆగింది. ఆ తట్ట కింద తడిగుడ్డ, భుజాల చుట్టూ ఇంకో తడిగుడ్డ.

"ఏటమ్మా ఇది? ఎండుసేపల్లాగ వరసగా పడున్నారు? ఏ ఊరు మీది?"

"అరకు పక్క," అంది కనక.

ముసలామె వంగి గంగ వీపు చూసింది. వాసన పీల్చింది. "నూనె రాసినావా? ఓలమ్మ. సేపని కూడా ముందు నూనె రాసే పెనం మీదెడతాం. లెగండి, బేగి లెగండి."

కనక తిరిగి చూసింది. గంగ వీపు, భుజాలు కాల్చిన కుండ పెంకులా ఎర్రబడి ఉన్నాయి. మెడ కింద ఒకచోట చర్మం అప్పుడే పొంగుతోంది. మిగతా వాళ్ళవీ మండుతున్నాయి గాని, ఎండావానా తిన్న వీపులు కనుక తట్టుకున్నాయి. రవిక తీసి ఎప్పుడూ ఎండలో తిరగని పిల్ల గంగ ఒక్కతే.

ముసలామె పేరు తవిటమ్మ. అందరినీ తన తాటాకు పాకలోకి తోలుకెళ్ళి మంచినీళ్ళు తాగించింది. గంగ వీపు మీద తడిపిన పాత నేత చీర పరిచింది. ఆరినప్పుడల్లా కనక మళ్ళీ తడిపింది. మంట తగ్గడానికి ఇంకాస్త నూనె రాద్దామా అని ఎవరో అంటే తవిటమ్మ కసిరింది.

"బొబ్బలు గిల్లకండి. నూనె ముట్టకండి. నీళ్ళే మందు." తర్వాత కనకను గుమ్మం దగ్గరకు పిలిచి ఇసుక మీద తన నీడ చూపించింది. "ఇది నాకంటే పొట్టిగా ఉందా? ఉంటే మా ఓళ్ళు ఇసక మీద నిలబడరు. నాకంటే పొడుగైనాకే బయటికొత్తారు. గడియారం అక్కర్లేదు."

కనక ఆ నీడ వైపు చూసింది. తవిటమ్మ నడుం ఎత్తు కూడా లేదు అది.

మర్నాటికి గంగ కూర్చోగలిగింది గాని వీపు మీద ఈగ వాలినా ఉలిక్కిపడుతోంది. "నువ్వు ఆడొద్దులే. పదముగ్గురం ఆడతాం," అంది కనక.

గంగ మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుంది. "ఊళ్ళో ఏటి సెప్పాల పిన్నీ?" అంది. "పట్నం ఎల్లి పాకలో పడుకుని వచ్చినానని సెప్పాలా? అమ్మ నన్ను మరెక్కడికీ పంపదు. నిన్నూ నమ్మదు."

కనక ఆ వీపు వైపు చూసింది. నూనె రాసిన చెయ్యి తనది. గిడుగులు వద్దన్న నోరు తనది. పిల్లను ఆడిస్తే, వరుసలో రెండు వైపుల నుంచీ ఆ వీపు మీద చేతులు రాసుకుంటాయి. ఆడించకపోతే ఈ మచ్చ చర్మంతో పాటు పోయేది కాదు.

మధ్యాహ్నం రెండింటికి సాయినాథ్ వచ్చాడు. "కనకమ్మగారూ, ఫొటోలు తీసేవాళ్ళు వచ్చారు. వెలుతురు బాగుంది, ఒకసారి ఆడతారా?"

కనక పాక బయటకు వచ్చి తన నీడ చూసుకుంది. "ఇప్పుడు కాదు బాబూ. ఇది నాకంటే పొడుగవ్వాల. అప్పుడొత్తాం."

అతనికి అర్థం కాలేదు. లోపలికి తొంగి గంగ వీపు చూశాక అర్థమైంది. "నిన్న ఒక్క గంటన్నాను," అని మాత్రం అన్నాడు. ఫొటోల వాళ్ళను వెనక్కి పంపాడు.

పొద్దు వాలాక అందరూ వరుస కట్టబోతుంటే కనక నెమలి ఈకల కట్ట తీసుకుని గంగ ముందు నిలబడింది.

"ఇదిగో, పట్టు."

"నానా?"

"మొదట నిలబడినోళ్ళ వీపు మీదకి ఒక్కరి సెయ్యే వత్తాది. ఆ రెండో మనిసిని నానే. భుజం ముట్టను, నీ నడుంకి సీర కొంగు ముడేసి ఆ ముడి పట్టుకుంటాను."

డప్పు సవరిస్తున్న సోంబరు చెయ్యి ఆగింది. "ఆ గుంటకి మలుపులు తెలుసునేటి?"

"నాకు తెలుసు కదా. ముడి ఎటు లాగితే అటు తిరుగుద్ది. నువ్వు నీ డప్పు సూసుకో మావా."

గంగ మొదటి రెండు మలుపులూ కనక లాగినట్టే తిరిగింది. మూడోసారి కనక వేళ్ళు బిగియకముందే తిరిగింది. అది కనక తిప్పేదానికంటే వెడల్పైన మలుపు. వరుస మొత్తం దాని వెంట సాగింది. ఆ తర్వాత కనక ముడిని ఊరికే పట్టుకుని ఉంది, లాగలేదు.

ఊరికి వచ్చేసరికి గంగ వీపు పొరలు పొరలుగా ఊడుతోంది. అచ్చియమ్మ కూతురి రవిక వెనక హుక్కులు తీసి చూసి, కనకను గుమ్మంలోనే నిలబెట్టింది.

"ఒప్పసెప్తానన్నావు. నా గుంట తోలు సగం పట్నంలోనే ఇడిచీసి వచ్చినావు."

"నూనె నానే రాసినాను అక్కా," అంది కనక. "గిడుగులు నానే వద్దన్నాను."

కనక పది రోజులు ఉదయం, సాయంత్రం వచ్చి తడిగుడ్డ వేసి వెళ్ళింది. ఆ పది రోజులూ అచ్చియమ్మ ఆమెతో మాట్లాడలేదు. పదకొండో రోజున మాత్రం కూర్చోమని అంబలి ఇచ్చింది.

ఆ చైత్రం పండగకు సోంబరు డప్పు తీసినప్పుడు అందరూ కనక కోసం చూశారు. ఆమె రెండో చోటుకు వెళ్ళి నిలబడి గంగను ముందుకు తోసింది. నాలుగేళ్ళు అలా రెండో చోటులోనే ఆడింది. మోకాళ్ళు మొరాయించాక అదీ మానేసింది. మరుసటి ఏడాది బండెక్కినప్పటి నుంచీ గిడుగుల గోనె ఆమె భుజాన ఉంది. మొదటిసారి వాటిని కుట్టడానికి అచ్చియమ్మ కూడా వచ్చి కూర్చుంది. వెడల్పు చాలదని రెండింటిని విప్పించి మళ్ళీ కుట్టించింది.

రెండువేల ఆరులో తవిటమ్మ పాక లేదు, తవిటమ్మా లేదు. ఆ చోట ఐస్‌క్రీము బండి నిలబడుతోంది. సంఘం వాళ్ళు టెంటు వేయించారు. ఆడవాళ్ళంతా రవికలతో, గిడుగులతో ఆ నీడలోనే కూర్చున్నారు. పట్నం పిల్లలు ఇద్దరు మాధవి దగ్గరకు వచ్చి, ఆ టోపీ ఎక్కడ దొరుకుతుందని అడిగారు. మాధవి కొంచెం సిగ్గుపడి కనక వైపు చూపించింది.

కనక వాళ్ళ మాట వినిపించుకోలేదు. టెంటు అంచున నిలబడి ఇసుక వైపు చూస్తోంది. గంగ ఈకల కట్ట పట్టుకుని బయట నిలబడి ఉంది. ఆమె నీడ మెల్లగా సాగుతోంది. భుజం ఎత్తు దాటింది. కొప్పు ఎత్తు దాటింది. ఇంకో జానెడు జరిగాక కనక సోంబరు వైపు తిరిగి తలూపింది.