సామురాయి నెత్తికింద సుమ్మాడు

మా ఇంటి ముందుగదిలో ఒక జపాన్ యోధుడు కూర్చుని ఉంటాడు. యోధుడంటే ఆయన లేడు, ఆయన వదిలేసిన కవచం, శిరస్త్రాణం మాత్రం ఉన్నాయి. నేను తిరువళ్లూరు దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో స్టోర్స్ చూస్తాను. స్వదేశం వెళ్లిపోతున్న ఒక జపాన్ ఇంజనీరు ఇంట్లో సామాన్లు అమ్మేస్తుంటే మావాళ్లంతా ఫ్రిజ్ చుట్టూ మూగారు. నేను ఆ ఇనుప శిరస్త్రాణం దగ్గర ఆగిపోయాను. పిచ్చి తలకెక్కడమంటే ఏమిటో ఆరోజు తెలిసింది. తర్వాత చెన్నైలో పాతసామాన్ల అంగట్లో ఛాతీకవచం దొరికింది. గుర్రపువెంట్రుకల మీసాలున్న ముఖకవచం పార్సిల్లో వచ్చింది. తల ఒకరిది, మొండెం మరొకరిది. తిరుత్తణి కొండమీది స్వామికి అన్నగారు, ఆ ఏనుగుతల దేవుడు కూడా అంతే కదా అని సర్దిచెప్పుకున్నాను.

సర్దుకోనిది మా ఆవిడ. ఆమె జాకెట్లు కుడుతుంది. ఆమె మిషన్ వంటింటి పక్క చీకట్లో ఉంటే, కిటికీ వెలుతురంతా సామురాయిదే.

“ఒక్కదినం యాడన్నా పెట్టి జనానికి చూపీ” అంది చివరికి. “వాళ్లు నిలబడి చూసిరా, సెరి, ఈడనే ఉండనీ. లేదా, అటకెక్కాల్సిందే. ఆ చోటు నా మిషన్‌కి కావల్ల.”

మా బావమరిదికి తిరుత్తణిలో కల్యాణమండపం ఉంది. ముహూర్తం లేని ఒక ఆదివారం ముందుహాలు ఇచ్చాడు. ప్రదర్శన! ఆ మాట తలచుకుంటేనే గుండె డోలు వాయించింది. పొద్దున్నే వ్యాన్‌లో సామాను దించి, తెల్లటి చేతితొడుగులు వేసుకుని, పెట్టెమీద కొయ్య నిలబెట్టి కవచం తొడిగాను. ఎర్రటి పట్టుతాళ్లతో అల్లిన రేకులు దీపాల కింద ధగధగలాడాయి.

“ఏం బావా, పెండ్లికొడుకును కూర్చోబెడితివి. పెండ్లికూతురు యాడ?” అన్నాడు బావమరిది.

“ముందు వీడికి తల పెట్టనీ. సంబంధం తర్వాత చూద్దువు” అన్నాను.

తల దగ్గరే వచ్చింది తంటా. శిరస్త్రాణం లోపలి గుడ్డ ఏనాడో చివికిపోయింది. ఇంట్లో గోడకు ఆనించి ఉంచేవాణ్ని గనక తెలియలేదు. ఇక్కడ హాలు నడుమ కొయ్యమీద పెట్టగానే, వెనక మెడను కప్పే రేకుల బరువుకి వెల్లకిలా వాలింది. శత్రువును చూడాల్సినవాడు ఫ్యాన్ చూస్తున్నాడు. దూది పెట్టాను, జారింది. కాగితం కుక్కాను, నలిగింది. ఈ ప్రదర్శనతో నేను తలెత్తుకు తిరగాలనుకుంటే, వీడు నాకంటే ముందే మరీ ఎత్తేశాడు.

“మీ సామురాయికి సాము తెలీదు బావా, ఉత్త రాయే” అని బావమరిది నవ్వాడు. కొండ దిగిన జనం అప్పటికే గుమ్మంలోంచి తొంగిచూస్తున్నారు. నాకు అటక కనబడింది.

మా ఆవిడ అంతసేపూ కుర్చీలో కూర్చుని చూస్తోంది. ఏమీ చేయకపోతే కిటికీ ఆమెదే. లేచి వచ్చింది.

“ఏమయ్యా, సుమ్మాడు లేకుండా నెత్తిన బిందె నిలిచేది యాడన్నా చూసినావా?”

వ్యాన్‌లో కవచానికి చుట్టి తెచ్చిన తన పాత పొదటూరుపేట నూలుచీరె అందుకుని సర్రున చించింది. మెలిపెట్టి, చుట్టలా తిప్పి, కొస లోపలికి దోపింది. బిందె కింద పెట్టుకునే చుట్టకుదురే! కొయ్యమీద దాన్ని పెట్టి, శిరస్త్రాణం దించి, వెనకవైపు కాస్త ఎత్తు చేసింది. యోధుడు తల సరిచేసుకుని గుమ్మంవైపు సూటిగా చూశాడు. గుమ్మంలో ఒక పిల్ల “అమ్మో!” అంది. నాకైతే ఈల వెయ్యాలనిపించింది. చేతితొడుగులతో ఈల రాదు.

జనం వచ్చేశారు. మొక్కు తీర్చుకుని, గుండ్లకు గంధం పూసుకుని, కుటుంబాలకు కుటుంబాలే. ఇంత తగిన ప్రేక్షకులు మరెక్కడ దొరుకుతారు? శిరస్త్రాణం కింద వేడి తగలకుండా ఈ యోధులు కూడా నడినెత్తి గొరిగించుకునేవాళ్లని చెప్పాను. ముందువరసలో ఒక తాత తన గంధపుగుండు నిమురుకున్నాడు.

“అట్లనా! వీళ్లు యా కొండకి మొక్కుకున్నారు నాయనా?”

హాలంతా గొల్లుమంది. నేను వివరణ మరిచిపోయి వాళ్లకంటే గట్టిగా నవ్వాను.

తిరిగి చూస్తే ఛాతీకవచం దగ్గర ఆడవాళ్ల గుంపు, నడుమ మా ఆవిడ. “ఈ అల్లిక చూడండక్కా. ఒక్క తాడు తెగినా పక్కది పట్టుకుంటాది. మన జాకెట్టు హుక్కు ఊడితే అంతే సంగతి!” నేను ఏళ్లుగా చెప్పినా విననట్టున్న మాటలు, నాకంటే బాగా చెబుతోంది.

సాయంత్రం వ్యాన్‌లో, శిరస్త్రాణం ఆమె ఒళ్లో ఉంది. భయంభయంగా అడిగాను. “అటకకేనా?”

“నా చీరె ముక్క దీని నెత్తిలో ఉండాది. అటకమీద ఎలుకలు కొట్టేస్తే?” అంది. “ముందుగదిలోనే ఉండనీ. కొంచెం పక్కకి జరగమను. కిటికీలో సగం నాకు కావల్ల.”

ఇప్పుడు సామురాయి, కుట్టుమిషన్ కిటికీని పంచుకున్నాయి. జాకెట్లు కుట్టించుకునేవాళ్లు ముందు ఆయన్ని పలకరించి, తర్వాతే ఆమెకు కొలతలిస్తున్నారు.